దిన్నెరాజు చేరని ఊరు

మా నాయన రైల్వే గేటు కాపలా. గార్లదిన్నె స్టేషను దాటినాక చెనిక్కాయ చేలల్లోకి పోయే బండిబాట ఒకటి పట్టాలను అడ్డంగా దాటుతుంది. ఆ బాట మీద గేటు, గేటు పక్కన ఒకే గది ఉన్న రాతి ఇల్లు, ఇంటి ముందర రేకుల పంచ, పంచలో గోడకు ఒక నల్ల ఫోను. చుట్టూ ఎంతదూరం చూసినా ఇంకో ఇల్లు కనపడదు. నాకు బుద్ధి తెలిసేసరికి ఆ ఇంట్లో మేమిద్దరమే.

వానలు లేని ఏళ్లలో మాకు నీళ్లు కూడా రైలే తెచ్చేది. బొగ్గింజను డ్రైవర్లలో మంచివాళ్లు గేటు దగ్గర బండి నెమ్మది చేసి ఆపి, ఇంజనులో నుంచి ఒక బిందె పట్టుకోనిచ్చేవాళ్లు. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. కొంచెం మసివాసన వచ్చేది. నాకు చాలా ఏళ్ల వరకు నీళ్ల వాసన అంటే అదే.

బడి గార్లదిన్నెలో. పొద్దున పట్టాల పక్కన నడిచి పోయేదాన్ని, సాయంత్రం అట్లే వచ్చేదాన్ని. బడిలో పిల్లలు నాతో ఆడరని కాదు. ఆట మంచి ఊపులో ఉన్నప్పుడే నేను బయలుదేరాల్సి వచ్చేది. పొద్దు గూకకముందే ఇల్లు చేరాలని నాయన గట్టిగా చెప్పినాడు. అందుకని ఏ ఆటలోనూ నాకు చివర తెలీదు.

అమ్మ గురించి నాయన ఒకటే మాట చెప్పేవాడు.

"ఒళ్లు బాగలేక వాళ్లూరికి పోయింది పాపా."

ఊర్లో ఆడవాళ్లు మాత్రం నన్ను చూస్తే గొంతు తగ్గించి, "పాపం, తల్లిలేని బిడ్డ" అనేవాళ్లు. ఆ రెండు మాటలనూ కలుపుకొని నాకు నేనే ఒక నిర్ణయానికి వచ్చినాను. అమ్మ చనిపోయిందని చెప్పలేక నాయన ఊరికి పోయిందంటున్నాడు, అంతే. ఇంకేం అడగలేదు. ఆయన కూడా ఇంకేం చెప్పలేదు.

సాయంత్రం ఇంకొకాయన సైకిలు మీద వచ్చి డ్యూటీ తీసుకునేవాడు. జెండాలు, దీపం ఆయనకు అప్పజెప్పినాక నాయన కాళ్లు కడుక్కొని వచ్చి పంచలో కూర్చునేవాడు. సంగటి తింటానే కథ మొదలుపెట్టేవాడు. అది ఒక్క కథే. నా చిన్నతనమంతా ఆ ఒక్క కథే నడిచింది.

కథలో రాజకుమారుని పేరు దిన్నెరాజు. ఆయన కోటలో బావులన్నీ ఎండిపోయినాయి. దక్షిణాన ఏడు రాజ్యాల అవతల మలుగురాణి అని ఒకామె ఉండాది, ఆమె వచ్చి కోటలో కాలు పెడితే బావుల్లో నీళ్లూరతాయి. ఆమెను తెచ్చుకోవడానికి దిన్నెరాజు ఒంటరిగా బయలుదేరినాడు. దారిలో ప్రసన్నాక్షి అనే దేవకన్య కనపడి దోసెడు నీళ్లు పోసింది. ఆ పైన జంగాలుడనే రాక్షసుడు దారికడ్డంగా కాళ్లు చాపుకొని పండుకొని ఉన్నాడు. ఆ పైన మేకముఖం చిగిచరుడు, పచ్చగా కనపడిందల్లా మేసేస్తాడు. వాణ్ణి దాటితే వరధర్మ మహారాజు, ఆయన కోటగోడలు రాళ్లతో కట్టినవి కాదు, పట్టుబట్టతో నేసినవి. ఆ తర్వాత బాసమ్మవ్వ, సముద్రనాగు, మక్కాజీ ఫకీరు. చివరకు ఒక పెద్ద కొండ. దిన్నెరాజు కొండెక్కి చూస్తే, అవతల మలుగురాణి కోట కనపడతాది.

అక్కడికి వచ్చేసరికి నాయన ఆపేసేవాడు.

"ఆ పైన ఏమైంది నాయనా?"

"ఆ పైన దిన్నెరాజు నిలబడినాడు."

"నిలబడి?"

"నిలబడినాడు, అంతే. పండుకో పో."

మరుసటి రోజు మళ్లీ వెనక్కి పోయి, జంగాలుని తమ్ముని సంగతో, పట్టుకోటలో దొంగలు పడిన సంగతో చెప్పేవాడు. కథ పక్కలకు ఎంతైనా పెరిగేది, ముందుకు మాత్రం కొండ దాటేది కాదు.

ఆ పేర్లంటే నాకు పిచ్చి. సెలవు రోజుల్లో పట్టాల పక్కన కంకరరాళ్లు ఏరుకొచ్చి ఒక్కో రాయికి ఒక్కో పేరు పెట్టి ఆడుకునేదాన్ని. ఆడుకుంటా ఆడుకుంటా పేర్లకు అర్థాలు వెతికేదాన్ని. జంగాలుడంటే పెద్ద పెద్ద జంగలు, అంటే అంగలు వేసేవాడు. చిగిచరుడంటే చిగుళ్లు తినేవాడు. బాసమ్మవ్వ దిన్నెరాజు చేత బాస చేయించుకునింది కాబట్టి బాసమ్మ. ఆ బాస ఏమంటే, రాణి తనంతట తాను కళ్లు తెరిచేదాకా ఆమె ముఖం మీద ఎవరి నీడా పడనీయకూడదు.

మలుగురాణి పేరు కూడా నాకు తొందరగానే అర్థమైంది. మా ఇంట్లో బుడ్డి ఆరిపోతే దీపం మలిగింది అంటాము. అంటే ఆమె మలిగిపోయిన రాణి. ఉన్నట్టు చెప్తాండాడు గానీ, లేదు. దిన్నెరాజు కొండమీద నిలబడిపోయింది అందుకే. ఆ సంగతి కనిపెట్టిన రోజు నేను ఏడవలేదు. మలుగురాణి రాయిని మాత్రం తీసి పట్టాల అవతలికి విసిరేసినాను. నాయన్ను ఆ పైన ఏమైందని అడగడం కూడా కొద్దికొద్దిగా మానేసినాను.

ఇంకొక సంగతి నాకు అప్పుడు వింతగా ఉండేది. కథలో దిన్నెరాజు చిగిచరుని కొమ్ములు విరుస్తాడు, దొంగల చేతులు నరుకుతాడు. జంగాలుణ్ణి మాత్రం చంపడు. వాని కాళ్లకు దండం పెట్టి పక్కనుంచి పోతాడు.

"రాక్షసునికి దండమేంది నాయనా?" అంటే, "కొందరికి పెట్టాల పాపా" అనేవాడు.

పది పాసయినాను. కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి కుట్టుపని చేసినాను. ఆ తర్వాత బడిలో చదువు చెప్పిన ఒక మేడమ్మ దయతో హిందూపురంలో చిన్నపిల్లల బడిలో పని దొరికింది. అప్పటికి నేను అనంతపురం దాటి పోలేదు. అనంతపురం కూడా బస్సులోనే చూసినాను. రైల్వేవాళ్లకు పాసులుంటాయి కదా, ఏడాదికొకసారైనా ఎక్కడికీ పోరా అని బడిలో పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. నాకు తెలిసి నాయన ఎన్నడూ పాసు రాయించలేదు. గేటు వేసి గేటు తీసి రైళ్లను పంపించడమే గానీ, మేము రైలెక్కింది లేదు.

హిందూపురం అని చెప్పగానే నాయన ముఖం ఒక మాదిరిగా అయింది. వద్దనలేదు. గార్లదిన్నె పోయి పాసు రాయించుకొచ్చినాడు. బయలుదేరే రోజు స్టేషనుకు వచ్చి, నా ట్రంకుపెట్టె పైన పెట్టి, కిటికీ కమ్మీ పట్టుకొని నిలబడినాడు.

"కిటికీ పక్కనే కూర్చో. నిద్రపోవద్దు" అన్నాడు.

దొంగల భయంతో అంటున్నాడనుకున్నాను.

అనంతపురం పోయింది. కాసేపటికి బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. పసుపుపచ్చ బోర్డు మీద నల్లక్షరాలు. ప్రసన్నాయనిపల్లి. పేరు బాగుందనుకున్నాను, అంతకంటే ఏమీ తోచలేదు. తర్వాతి బోర్డు జంగాలపల్లి. అప్పుడు కూడా నవ్వుకున్నానంతే. జంగాలుని ఊరు! నాయనకు చెప్పాల అనుకున్నాను.

చిగిచెర్ల బోర్డు కనపడినప్పుడు కిటికీ కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను.

బండి కదులుతా ఉంటే నేను బోర్డు వెనకబడేదాకా మెడ తిప్పి చూస్తానే ఉన్నాను. ఆ తర్వాత ధర్మవరం. ప్లాట్‌ఫారం మీద పట్టుచీరల మూటలు దింపుతాండారు. వరధర్మ మహారాజు, పట్టుగోడలు. ఇంక నాకు తెలుసు, వచ్చే బోర్డు మీద ఏముంటుందో. బాసంపల్లి. ఆ తర్వాత నాగసముద్రం. పక్కన కూర్చున్న ముసలాయన "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగినాడు. బాగుందని తలూపినాను. మక్కాజీపల్లి ఆగకుండానే పోయింది. అయినా బోర్డు చదివినాను. పెనుకొండ వచ్చింది, బండి పక్కన కొండ నిలబడి ఉంది.

దిన్నెరాజు నిలబడిపోయిన కొండ అది. బండి మాత్రం దాన్ని దాటుకొని ముందుకు పోయింది.

తర్వాత బండి ఆగిన ఒక చిన్న స్టేషన్లో బోర్డు మీద మలుగూరు అని ఉంది. నేను లేచి వాకిలి దాకా పోయినాను. ఇద్దరు ఆడవాళ్లు గంపలతో ఎక్కినారు. ఒక కుక్క ప్లాట్‌ఫారం మీద నీడలో పండుకొని ఉంది. ఎవర్ని అడగాల? ఏమని అడగాల? అక్కడ ఏముందో కూడా నాకు తెలీదు. ఈల పడింది. నేను దిగలేదు.

హిందూపురంలో ఒక ఇంటి వెనకవైపు గది బాడుగకు తీసుకున్నాను. పగలంతా పిల్లలకు అక్షరాలు చెప్పడం, సాయంత్రం గదికొచ్చి తలుపేసుకోవడం. అక్కడ మనుషులకు కొదవ లేదు. వీధి నిండా మనుషులే. అయినా ఆ గేటు దగ్గర ఎప్పుడూ అనిపించనంత ఒంటరితనం అక్కడ అనిపించింది. గేటు దగ్గర నేను ఒంటరిదాన్నని నాకు తెలీదు. ఇక్కడ తెలిసింది. ఆ పేర్లను మనసులో వరసగా అనుకుంటా పండుకునేదాన్ని.

మొదటి సెలవులకే ఇంటికి పోయినాను. నాయన పంచలో కూర్చొని జెండాకు కుట్టు వేస్తాండాడు. ట్రంకుపెట్టె దించకుండానే అడిగినాను.

"మలుగూర్లో ఎవరుండారు నాయనా?"

ఆయన సూది ఆపినాడు.

"నిద్రపోకుండా కూర్చున్నావే" అన్నాడు. "మీ అమ్మ ఉండాది."

ట్రంకుపెట్టె దించి దాని మీదే కూర్చున్నాను.

"బతికి ఉండాదా?"

"ఉండాది. చచ్చిపోయిందని నీకెవురు చెప్పినారు?"

నిజమే. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు చెప్పినాడు. నా తర్వాత ఒక మగబిడ్డ పుట్టి పురిట్లోనే పోయినాడంట. ఆ పైన అమ్మ మాట్లాడడం తగ్గించింది. వంట మరిచిపోయేది. రైలు కూత వినపడితే చెవులు మూసుకునేది. ఒకరోజు మధ్యాహ్నం నాయన గేటు వేసి జెండా పట్టుకొని నిలబడి చూస్తే, అమ్మ పట్టాల నడుమ, బండికి ఎదురుగా నడిచిపోతా ఉంది. ఆయన పరుగెత్తి లాక్కొచ్చినాడు.

"గేటైనా చూసుకోవల్ల, ఆమెనైనా చూసుకోవల్ల. రెండూ ఒక మనిషితో యాడయితాది? ఇక్కడుంటే పట్టాలు ఆమెను విడవవు అనిపించింది. నిన్ను ఊర్లో ఒకామె దగ్గర విడిచి, నేనే పాసింజరు బండిలో వాళ్లమ్మోళ్లింటికి తీసకపోయినా. ఆ బండి ప్రయాణమే పాపా నీకు చెప్పింది. అది తప్ప నాకింకో కథ రాదు."

ప్రసన్నాయనిపల్లిలో అమ్మకు దప్పికైంది. ప్లాట్‌ఫారం మీద కడవతో నిలబడిన ఒకామె కిటికీలోంచి దోసిట్లో నీళ్లు పోసింది. నాయన ఆమె ముఖం సరిగ్గా చూడలేదు, బండి కదిలింది. జంగాలపల్లిలో ఒక పొడుగాటి మనిషి ఎక్కి, ఎదురు బల్లమీద పండుకొని దారికడ్డంగా కాళ్లు చాపినాడు.

"మీ అమ్మ ఊరికూరికే లేస్తాది, దిగిపోతా అంటాది. బండి పోతానే ఉండాది. ఆయప్ప కాళ్లు దాటలేక మళ్లీ కూర్చుంటాది. నా చెయ్యి విడిపించుకునే బలం ఉన్నింది ఆమెకు. ఆ కాళ్లు లేకుంటే ఏమయ్యేదో. ధర్మవరంలో దిగిపోయినాడు. ఆయప్పకేమీ తెలీదు."

ధర్మవరంలో బండి చానాసేపు ఆగింది. ఒక నేతాయన చీరలమూట విప్పి మళ్లీ కట్టుకుంటా ఉంటే అమ్మ కన్నార్పకుండా చూసిందంట. కట్టుకుంటావా అని నాయన అడిగితే, ఇంత రంగు నాకొద్దు అనింది.

"నాగసముద్రంలో?"

"ఎండిపోయిన చెరువు చూసి, ఇదేనా సముద్రం అని నవ్వింది. దారంతా అదొక్కటే నవ్వు."

"మక్కాజీపల్లిలో ఫకీరు?"

"ఫకీరు లేడు, ఎవురూ లేరు. ఆ పేరు బాగుండాదని పెట్టినా."

మేమిద్దరం నవ్వినాము. ఎందుకు నవ్వినామో తెలీదు. నవ్వు ఆగినాక నేను బాసమ్మవ్వ సంగతి అడిగినాను. అది చెప్పడానికి ఆయన లోపలికి పోయి నీళ్లు తాగి రావాల్సి వచ్చింది.

బాసంపల్లి దాటతా ఉంటే అమ్మ ఉన్నట్టుండి తెలివిగా, మామూలు మనిషి మాదిరి ఆయన చెయ్యి పట్టుకునిందంట. "బిడ్డకు నన్నిట్లా చూపించొద్దు. నేను బాగై కబురు పంపితే తీసకరా. అంతవరకు తీసకరావద్దు. ఒట్టు వెయ్యి" అనింది. ఆయన వేసినాడు.

"కబురు రాలేదా?"

"రాలేదు. నీకు ఊహ తెలియకముందే నేనొక్కసారి పోయి వచ్చినా. పండుకొని ఉన్నింది. గోడవైపు తిరుక్కొని పండుకొని ఉన్నింది. వాళ్లమ్మ, 'మలగిండాది, లేపొద్దు' అనింది."

"మలిగిందా?"

"మలగడం అంటే వాళ్లింట్లో పండుకోవడమమ్మా. కన్నడం మాట. అందుకే మలుగురాణి అన్నా. నువ్వేమనుకున్నావు?"

నేను అనుకున్నది ఆయనకు చెప్పలేదు.

సెలవులైనాక హిందూపురానికి పోతా మలుగూర్లో దిగినాను. ఊరు చిన్నది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మాకు మామ వరసయ్యే ఆయన వాకిట్లో ఆకుమోపులు దించుతాండాడు. నేనెవరో చెప్తే, లోపలికి చెయ్యి చూపించినాడు.

లోపల గది చీకటిగా, చల్లగా ఉంది. గోడలవెంబడి అంతస్తులుగా వెదురుతట్టలు. వాటినిండా పట్టుపురుగులు మల్బరీ ఆకు తింటా ఉంటే సన్నగా వాన పడుతున్నట్టు శబ్దం. ఒకామె నాకు వీపు పెట్టి ఆకు చల్లుతా ఉంది. సన్నని మనిషి. తలవెంట్రుకలు సగం తెల్లబడినాయి.

"ఎవురు?" అని తిరగకుండానే అడిగింది.

ఏమని చెప్పాలో నేను దారంతా అనుకుంటానే వచ్చినాను.

"గేటు దగ్గరి నుంచి వచ్చినాను" అన్నాను.

ఆమె చేతిలో ఆకు అట్లే ఉండిపోయింది. తిరిగి నన్ను చూసింది. దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలో ఉన్న ఆకంతా జాగ్రత్తగా చల్లి, చేతులు కొంగుకు తుడుచుకొని, అప్పుడు వచ్చింది.

"ఊట అయిందా?" అనింది.

తిన్నావా అని. మా అమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట అది. నాకు తెలిసినంతలో మొదటిది.

ముద్ద పెట్టింది, ఉలవచారు పోసింది. నేను తింటా ఉంటే ఎదురుగా గోడకానుకొని కూర్చుంది. నా చేతుల్ని చూస్తా ఉంది గానీ ముఖం చూడలేదు.

"నీళ్లు ఇప్పటికీ ఇంజన్లోంచేనా?"

"లేదు, బోరు వేసినారు."

"మీ నాయన బాగుండాడా?"

"ఉండాడు."

ఇంకొంచెం చారు పోసింది. అప్పుడు ఆమె, కోపం లేకుండా, చానా రోజుల నుంచి మనసులో ఉన్న లెక్క అడిగినట్టు అడిగింది.

"బాగయినాక నేను చూసినాను, వస్తారేమో అని. నిన్ను ఎందుకు తీసకరాలేదు?"

"నువ్వే ఒట్టు వేయించుకున్నావంట కదా. బండిలో. కబురు పంపేదాకా తీసకరావద్దని."

ఆమె నొసలు ముడిచింది. నిజంగా వెతుకుతా ఉంది, లోపల.

"నేనా?" అనింది. "నాకు ఆ బండి ఎక్కింది కూడా గుర్తు లేదు."

తట్టల్లో పురుగులు తింటానే ఉన్నాయి. మామ వచ్చి ఇంకో మోపు దించి పోయినాడు. ఆమె లేచి, "వీటికి ఆలస్యమైతే ఆగవు" అని ఆకు చల్లడానికి పోయింది. నేనూ లేచి ఒక పక్కనుంచి చల్లినాను. ఎంత చల్లాలో చేత్తో చూపించింది. బస్సు వేళదాకా ఇద్దరమూ ఆ పని చేసినాము.

ఆమెకు ఆ ఒట్టే గుర్తు లేదన్న సంగతి నాయనకు చెప్పడానికి నాకు రెండు సెలవులు పట్టింది. చెప్పినప్పుడు ఆయన విని లేచినాడు. ఫోను మోగితే పోయి, గేటు వేసి, బండి పోయేదాకా పచ్చజెండా పట్టుకొని నిలబడినాడు. బండి పోయినాక కూడా జెండా దించలేదు. నేనే పోయి, "పోయింది నాయనా" అని చెప్పినాను.

ఆ ఏడాదే ఆయన తనకు పాసు రాయించుకున్నాడు. మలుగూరికి పోయి అదే రోజు తిరిగి వచ్చినాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఆయనా చెప్పలేదు, ఆమే చెప్పలేదు. వచ్చేటప్పుడు మల్బరీ కట్టెలు నాలుగు తెచ్చి ఇంటి పక్కన నాటినాడు. ఆ నేలకు, ఆ నీళ్లకు అవి బతకలేదు.

ఆమె గేటు దగ్గరికి రాలేదు. రమ్మని నేనొకసారి అడిగితే, "ఆ కూత వినలేనమ్మా" అనింది. మీటరుగేజి తీసి పెద్దపట్టాలు వేసినాక కొన్నేళ్లకు నాయన రిటైరై హిందూపురం వచ్చినాడు. పట్టాలకు దూరంగా ఉండే వీధిలోనే ఇల్లు చూసినాను. ఆమెకు చెప్పినాను కూడా, ఇక్కడ కూత వినపడదని. "చూద్దాం" అనింది. నాయన్ను అక్కడికి పోయి ఉండమంటే, "వాళ్లకు పురుగుల పని, నేనెందుకు అడ్డం" అన్నాడు. రెండు ఊర్లకూ నడుమ ఎంతో దూరం లేదు. ఒకరి మీద ఒకరికి కోపమూ లేదు. అన్నేళ్లు ఒంటరిగా ఉండడం నేర్చుకున్నారు, దాన్ని మరిచిపోవడం ఇద్దరికీ చేతకాలేదు. నాకూ అదే అబ్బిందేమో, నేను పెళ్లి మాట వచ్చినప్పుడల్లా చూద్దాం అంటానే వచ్చినాను.

ఆదివారం పొద్దున నాయన సంగటి కెలికి పెడితే తిని బస్సెక్కుతాను. మలుగూర్లో దిగేసరికి అమ్మ ఆకు పని ముగించి పొయ్యి దగ్గర ఉంటుంది. అక్కడ తినే వచ్చినావా అని ఆమె ఒక్కనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె పెట్టినదంతా తింటాను. సాయంత్రం ఇల్లు చేరితే నాయన నా పళ్లెం ముందర పెట్టుకొని కూర్చొని ఉంటాడు. ఆయనా అడగడు.